పద్నాలుగో అతుకు

గుంతకల్లులో పాత డీజిల్ లైనుకు
ఈరోజు ఆఖరి పరీక్ష.
ముప్పై ఏండ్లుగా ఎవరూ వాడని గొట్టం
సైడింగు కాడి నుంచి పవర్‌హౌసు దాకా
పదకొండు ఇండ్ల కింద, ఒక బియ్యం దుకాణం కింద
పడుకోనుంది.

భూమిలోనే వదిలెయ్యొచ్చు అంటాయి నిబంధనలు.
వదిలెయ్యడమంటే
మర్చిపోవడం కాదని
ఆ వెంటనే నాలుగు పేజీలు చెబుతాయి.

నా చేతిలో ఫారం.
ఖాళీ చేశారా? చేసినాం.
కడిగారా? మూడుసార్లు.
కడిగిన నీళ్లు ఎక్కడికి పోయాయి?
కాలవలోకి పోనియ్యలేదు,
ట్యాంకరుకెత్తి సంతకం తీసుకున్నాం.
లోపల గాలి?
గొట్టం మూతి కాడ మీటరు పెడితే
నిన్నటిదాకా పిట్ట మాదిరి కూసింది.
ఈరోజు గమ్మునుంది.

పటం లేదు.
ఆఫీసు బీరువాలో చెదలు
రోడ్డు గీత మిగిల్చి గొట్టం గీత తినేసినాయి.
అందుకే పెన్నోబులేసును పిలిపించినాం,
ఎనభై నాలుగులో ఈ లైనుకు వెల్డింగు చేసిన మనిషి.
ఎడమ కంట్లో పువ్వు.
ఆటో దిగి, చెప్పులిడిచి,
అడుగులు లెక్కపెట్టుకుంటా పోయినాడు.
"ఈడ ఒగటి... ఈడ రెండు...
ఈ గచ్చు అప్పుడు ల్యాకుండె."
ఒక వంటింట్లో పొయ్యి ముందర నిలబడి
"ఈ తల్లి రొట్టె కాల్చేది తొమ్మిదో అతుకు మీద" అన్నాడు.
ఆమె జొన్నరొట్టె తట్టేది ఆపి
కాళ్ల కిందికి చూసుకుంది.

అతుకు అతుకు కాడా మన్ను తీసి
సీసాలకు నెంబర్లేసినాం.
పదమూడు సీసాల్లో మంచి మన్ను.
పద్నాలుగోదానికి మూత బిగించకముందే
ల్యాబు అక్కర్లేకుండా తెలిసిపోయింది.
అది బీబీజాన్ బోరుకు ఆరడుగుల దూరం.

"మూడేండ్లాయె చెప్పబట్టి.
కాగబెడితే గిన్నెలో రంగులు తిరుగుతాయి.
లారీలు తాగే నీళ్లమ్మా ఇవి,
మనుషులు తాగేటివి కావు."

పెన్నోబులేసు ఆడే కూలబడినాడు.
"తెల్లారితే పెద్దసారు వస్తాడని
ఇంజనీరు తరుముతుండె.
వాన. కడ్డీ చెమ్మెక్కింది.
చిటపటమంటాంటేనే నాకు తెలుసు,
లోపల బుడగ నిలిచిందని.
మళ్లీ చేస్తామనుకుంటి.
తారు పూసి మట్టి కప్పేసిరి."

మన్ను చెడిన కాడ వదిలెయ్యకూడదు.
రెండో పేజీ, మూడో వాక్యం.
తవ్వినాం. గరుసు నాలుగడుగులు,
ఆ కింద నల్లగా, మెత్తగా, మడ్డి.
ఎనిమిది ట్రాక్టర్లు తోలినాం.
గొట్టం పన్నెండడుగులు కోసి పైకి తీస్తే
అతుకులో
వడ్లగింజంత కన్ను.
ముసలాయన దాన్ని వేలితో తడిమినాడు,
ఏమీ అనలా.

మిగిలిన గొట్టం కడుపులోకి
ముద్దనూరు థర్మల్ నుంచి తెచ్చిన బూడిద
సిమెంటుతో కలిపి జావ చేసి పోసినాం.
కాలిపోయిన బొగ్గు వచ్చి
కాలాల్సిన డీజిల్ జాగాలో పడుకుంది.
అవతలి మూతి కాడ కూర్చున్న ఖాజావలి
"వచ్చె, వచ్చె" అని కేకేసినాడు.
రెండు మూతులకూ రేకు పెట్టి వెల్డింగు.
ఈసారి ఎండ.

పటం కొత్తగా గీసినా.
రేపెప్పుడో పునాది తీసేవాడి గడ్డపార
ఖంగుమన్నప్పుడు
అదేందో చెప్పే మనిషి ఉండడు కదా.
ముసలాయన పక్కన చేరి అడిగినాడు,
"నా పేరు రాస్తివా?"
దానికి గడి లేదన్నా.
"ల్యాకుంటే మేలే. నెంబరు మటుకు రాయి."
రాసినా:
పద్నాలుగు, తీసివేయబడింది.

ఆఖరి గడి మాత్రం ఇంకా ఖాళీ:
నీటి పరీక్ష, ఏడాదికి రెండుసార్లు, ఐదేండ్లు.
బీబీజాన్ బోరు స్విచ్చేసి చెంబు పట్టింది.
వాసన చూసి నాకిచ్చింది.
నేనూ చూసినా.
"ఇంకా ఉంది" అన్నా.
చెంబు తీసుకొని, అలవాటుగా
కాలవ దిక్కు వంచబోయి, ఆగి
నన్నడిగింది:
"దీన్ని యాడ పొయ్యాల?"